పాత మోటారుకార్లు - మరచుట్ల చరిత్ర

1945 సంవత్సరాంతమున ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమందు ఎం.జి. కంపెనీవారు టి.సి. యను రెండు సీట్ల చిన్నకారును తయారుచేయ నారంభించిరి. 1949 వరకు ఇట్టివి సుమారు పదివేలు వెలువడెను. యుద్ధానంతరము వాటిలో అనేకము అమెరికాకు ఎగుమతియయ్యెను. నేటికిని పలు దేశములలో ఈ కార్లను విప్పి, తుప్పు వదలించి, తిరిగి బిగించి, రోడ్డు మీదికి తెచ్చుటయే వ్యసనముగా గలవారు ఉన్నారు. అట్టివాడు ఈ కారు ఇంజను నుండి మొదటి బోల్టు విప్పి బల్లమీద పెట్టి కొలిచినచో ఆశ్చర్యపడక మానడు. బోల్టు తలకు సరిపోయిన పానా అంగుళముల లెక్కది, అచ్చమైన ఇంగ్లీషు విట్‌వర్త్ పానా. తల క్రిందనున్న ఒడలు మాత్రము సరిగా 8 మిల్లీమీటర్లు. మరచుట్టుకును మరచుట్టుకును గల ఎడము 1 మిల్లీమీటరు. తల ఇంగ్లండుది, ఒడలు ఫ్రాన్సుది. ఇట్టి బోల్టు ఆ ఊరి బజారున గాని, మన ఊరి బజారున గాని దొరకదు.

ఈ వింత ఎట్లు కలిగినదో చెప్పవలెనన్న నూరేండ్లు వెనుకకు పోవలసియుండును.

మరచుట్టు మనకు చిన్న వస్తువుగా కనబడును. దాని పేరెత్తినంతనే ఇది ఇంజనీర్ల సంగతి, మనకేల యని కొందరు శ్రోతలు రేడియో మీటను త్రిప్పవచ్చును. ఆ త్రిప్పు మీటను కడ్డీకి బిగించి నిలిపిన చిన్నమరయే, ఇంగ్లండున తయారైన పాత వాల్వు రేడియోలలో, ఈ కథలో ఒక పాత్ర. దాని సంగతి తరువాత వచ్చును.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులో ఏ కర్మశాల మరచుట్టు ఆ కర్మశాలది. ఒక యంత్రము నుండి ఒక బోల్టును విప్పినచో దాని నట్టును దానికే జతగా కట్టియుంచవలసి యుండెను. పక్క బోల్టుకు అది ఎక్కదు. హెన్రీ మాడ్‌స్లే యను లండను శిల్పి మరలు కోయు లేతు యంత్రమును చక్కజేసి, తన కర్మశాలవరకు ఈ గందరగోళమును తొలగించెను. ఆయన వద్ద పనిచేసినవాడే జోసెఫ్ విట్‌వర్త్. స్టాక్‌పోర్టులో 1803లో జన్మించి, 1833లో మాంచెస్టరునందు స్వంత కర్మశాల పెట్టెను. కొలతయన్న ఆయనకు ప్రాణము. 1851 నాటి లండను మహాప్రదర్శనమున అంగుళములో పదిలక్షవ వంతు భేదమును పసిగట్టు యంత్రమును ఆయన చూపినాడన్న, ఆ పట్టుదల ఎట్టిదో ఊహింపవచ్చును.

1841లో విట్‌వర్త్ సివిలు ఇంజనీర్ల సంస్థయెదుట ఒక వ్యాసము చదివెను. దేశమందలి ప్రముఖ కర్మశాలల నుండి బోల్టులను సేకరించి, వాటి మరలను కొలిచి, సరాసరి తీసితినని అందు తెలిపెను. ఆ సరాసరి నుండి వచ్చినదే 55 డిగ్రీల పంటికోణము. పంటి కొనను, మూలమును గుండ్రముగా చేయవలెననెను. ఒక్కొక్క లావు బోల్టుకు అంగుళమునకు ఇన్ని చుట్లని పట్టిక వేసెను: పావు అంగుళపు బోల్టుకు 20, అర అంగుళపు బోల్టుకు 12. అందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆయన అత్యుత్తమమైన మర ఏదియని వెదకలేదు. అందరకును కొంచెము కొంచెము దగ్గరగానున్న మరను వెదకెను. ఎవ్వరును పూర్తిగా ఓడిపోని ఒప్పందము గనుకనే రైలు కంపెనీలు మొదలుకొని అందరును దానిని స్వీకరించిరని మా అభిప్రాయము.

దాని ఫలము క్రిమియా యుద్ధమున కనబడెను. 1855 ప్రాంతమున నౌకాదళమునకు చిన్న ఫిరంగి పడవలు త్వరగా కావలసివచ్చెను. వాటికి తొంబది ఇంజన్లు అవసరము. జాన్ పెన్ యను ఇంజనీరు తన వద్దనున్న ఇంజనునే విప్పి, భాగములను దేశమందలి మేలైన కర్మశాలలకు పంచి, ఒక్కొక్క భాగమును తొంబదేసి చొప్పున చేయించెను. ఎక్కడో చేసిన బోల్టు మరెక్కడో చేసిన నట్టులో ఒదిగెను. ఇరువది ఏండ్ల క్రిందట ఇది కలలోని మాట.

అమెరికావారు మాత్రము ఈ కొలతను అంగీకరింపలేదు. 1864 ఏప్రిలులో ఫిలడెల్ఫియా నగరమందలి ఫ్రాంక్లిన్ సంస్థలో విలియం సెల్లర్స్ వేరొక మరను ప్రతిపాదించెను. 55 డిగ్రీల కోణమును సరిచూచుట కష్టము, గుండ్రని కొనలు కోయుట ఇంకను కష్టము, అది గొప్ప పనివాడు చేయదగిన పని. సామాన్యపు పనివాడు సామాన్యపు పనిముట్టుతో చేయగల మర కావలెనని ఆయన వాదము. 60 డిగ్రీల కోణమన్న సమబాహు త్రిభుజమే గదా! కొనలను బల్లపరుపుగా విడిచినచో చాలును. ఈ వాదమున బలమున్నది. 1898లో జూరిచ్ నగరమున ఐరోపా దేశములవారు మిల్లీమీటర్ల మరలకు ప్రమాణములు ఏర్పరచినప్పుడు ఈ 60 డిగ్రీలనే గ్రహించిరి. విట్‌వర్త్ 1887లోనే గతించెను.

ఇంగ్లండు తన 55 డిగ్రీలను విడువలేదు. విడువకపోగా మరికొన్నిటిని చేర్చుకొనెను. గడియారములకు, విద్యుత్తు సాధనములకు కావలసిన సన్నని మరల కొరకు స్విట్జర్లాండువారి పద్ధతిని అనుసరించి 1884 ప్రాంతమున బ్రిటిష్ అసోసియేషన్ వారు బి.ఎ. మరలను ఏర్పరచిరి. వీటి కోణము నలుబది యేడున్నర డిగ్రీలు. సున్న నంబరు మర 6 మిల్లీమీటర్ల లావు, నంబరు పెరిగినకొలది మర సన్నగిల్లును. రేడియో మీటను పట్టియుంచిన చిన్నమర ఇదియే. తరువాత మోటారుకార్లు వచ్చెను. విట్‌వర్త్ మర మోటు మర. అదురుచుండు యంత్రమున అది సడలును. చుట్లు దగ్గరగా నున్నచో మర వాలు తగ్గును, బోల్టు తనంతట తాను తిరుగుటకు వీలు తగ్గును, నడుము భాగమున ఇనుమును ఎక్కువ మిగులును. ఈ కారణమున 1908లో అదే 55 డిగ్రీలతో, ఎక్కువ చుట్లతో బి.ఎస్.ఎఫ్. అను సన్నమర వెలసెను. పావు అంగుళమునకు 20కి బదులు 26 చుట్లు. హైదరాబాదు చౌమహల్లా పురమందు నేడు చూడదగిన నిజాము ప్రభువుల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ 1912 నాటిది. అనగా అది తయారగునప్పటికి ఈ సన్నమర వయస్సు నాలుగేండ్లు మాత్రమే.

ఇక మన 8 మిల్లీమీటర్ల బోల్టు కడకు వత్తము. హాచ్‌కిస్ యను ఆయుధముల కంపెనీ ఫ్రాన్సునందు పారిసు చెంత సేంట్ డెనిస్‌లో ఉండెడిది. దానిని స్థాపించినవాడు అమెరికనుడు. కాని కర్మాగారము ఫ్రెంచిది, అందలి కొలతలు మిల్లీమీటర్లవి. మొదటి ప్రపంచ యుద్ధమున జర్మను సేనలు పారిసును సమీపించుచుండ, ఆ కంపెనీ మరతుపాకుల తయారీకై ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున ఒక శాఖ నెలకొల్పెను. దానితోపాటు మిల్లీమీటర్ల టాపులు, డైలు, కొలబద్దలును వచ్చెను. 1918లో యుద్ధము ముగిసెను. తుపాకులు అక్కరలేకపోయెను. యంత్రములు, పనివాండ్రు ఉన్నారు, పని లేదు.

అదే సమయమున ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ అనునాయనకు కార్లున్నవి గాని ఇంజన్లు లేవు. ఆయన 1915 నాటి కౌలీ కారుకు అమెరికాలోని కాంటినెంటల్ కంపెనీ ఇంజను తెప్పించెడివాడు. అది దొరకుట ఆగిపోయెను. ఆ ఇంజను వంటిదానినే చేసియిమ్మని ఆయన కవెంట్రీలోని హాచ్‌కిస్ వారిని కోరెను, వారు ఒప్పుకొనిరి. కాని మరలు కోయు పనిముట్లన్నియు మిల్లీమీటర్లవి. వాటిని పారవైచి విట్‌వర్త్ పనిముట్లు కొనుట భారీఖర్చు. మరి మిల్లీమీటర్ల తలలున్న బోల్టులు పెట్టినచో, ఇంగ్లండులోని ప్రతి పల్లె మెకానిక్కు తన సంచిలోని పానాలు చాలక కారుయజమానిని తిట్టును. కనుక మధ్యేమార్గము త్రొక్కిరి. చుట్లు మిల్లీమీటర్లవి, తల విట్‌వర్త్‌ది. బయటినుండి చూచువానికి అంతయు ఇంగ్లీషే!

1923లో మోరిస్ ఆ కవెంట్రీ కర్మాగారమునే కొనివేసెను. ఫ్రెంచివారు వెడలిపోయిరి, ఫ్రెంచి మరలు నిలిచిపోయెను. ఇంజన్లు మారెను, తరములు మారెను, రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిపోయెను, ఎం.జి. టి.సి. లోని 1250 సి.సి. ఇంజనులోను, దాని తరువాతి టి.డి., టి.ఎఫ్. లలోను, 1955 వరకు, అవే మరలు. యుద్ధభయమున సముద్రము దాటి వచ్చిన పనిముట్లు దాదాపు నలువది ఏండ్లు ఒక దేశపు కార్ల నిర్మాణమును శాసించెనన్నమాట.

అట్లని కారంతయు మిల్లీమీటర్లని భ్రమింపరాదు. ఆ కారు చట్రమునకు బి.ఎస్.ఎఫ్. బోల్టులు. అక్కడక్కడ మోటు విట్‌వర్త్ మర. కార్బురేటరుకు, ముందు పలక మీది మీటర్లకు, విద్యుత్తు పెట్టెలకు బి.ఎ. మరలు. పెట్రోలు గొట్టముల కీళ్ళకు గొట్టపు మర. ఒక్క చిన్నకారులో ఇన్ని జాతులు! విప్పునప్పుడు అన్నియు ఒకే డబ్బాలో వేసినవాని దురవస్థ చెప్పనలవి గాదు. తెలిసిన మేస్త్రీలు ఏ బోల్టును విప్పినను దానిని దాని రంధ్రములోనే రెండు చుట్లు తిరిగి ఎక్కించి ఉంచెదరు. కానిచో అట్టముక్కమీద ఆ భాగము బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోట గ్రుచ్చెదరు. మేము చూచినంతవరకు దీనికి మించిన పద్ధతి లేదు.

ఇక చిక్కు ఎక్కడనగా, వేరుజాతి బోల్టు రంధ్రములోనికి పోనిచో బాధలేదు. పోయినట్లే పోవుటలో ప్రమాదమున్నది. పైన చెప్పిన 8 మిల్లీమీటర్ల బోల్టునే చూడుడు. దాని పోగొట్టుకొన్నవాడు బజారునకు పోయి 5/16 అంగుళపు యు.ఎన్.ఎఫ్. బోల్టు తెచ్చుననుకొందము. దాని లావు 7.94 మిల్లీమీటర్లు, కంటికి భేదమే లేదు. అంగుళమునకు 24 చుట్లు, అనగా చుట్టుకు చుట్టుకు ఎడము 1.06 మిల్లీమీటర్లు. మొదటి రెండు మూడు చుట్లు వ్రేళ్ళతోనే ఎక్కును. ఆపై బిగుసుకొనును. తుప్పు కాబోలునని పానాతో త్రిప్పినచో ఎక్కును. ఎక్కుచు ఎక్కుచు ఎల్యూమినియపు రంధ్రములోని పాత మరను కోసివేయును. పది చుట్లకు అర మిల్లీమీటరు పైగా తేడా వచ్చును గనుక ఇంకొక దారి లేదు. అప్పటికి పోయినది నాలుగణాల బోల్టు గాదు, డెబ్బది ఏండ్ల నాటి భాగము. దానిని తొలిచి, లోపల తీగచుట్టతో క్రొత్త మర అమర్చవలెను.

ఇంతకన్న మాయలాడి పావు అంగుళపు బోల్టు. విట్‌వర్త్‌కును, అమెరికను మోటుమరకును అంగుళమునకు 20 చుట్లే. ఒకదాని నట్టు మరొకదానికి కడవరకు ఎక్కును. బిగిసినట్లు చేతికి తోచును. కాని ఒకటి 55 డిగ్రీలు, ఒకటి 60. పళ్ళు ఒకదాని ప్రక్కన ఒకటి పూర్తిగా ఆనక, ఒక సన్నని గీత వెంబడి మాత్రమే ఆనును. బరువంతయు ఆ గీతమీద పడును. తలుపు గొళ్ళెమునకైనచో సరే. స్టీరింగు చేతికో, బ్రేకు పలకకో అయినచో? అర అంగుళపు కొలతలో మాత్రము విట్‌వర్త్‌కు 12, అమెరికాకు 13 చుట్లు. అక్కడ మోసమునకు తావులేదు.

పానాల లెక్కయు పరిచయము లేనివారిని చీకాకు పెట్టును. విట్‌వర్త్ పానా మీది అంకె దాని నోటి వెడల్పు గాదు, అది పట్టు బోల్టు ఒడలి లావు. అర అంగుళమని వ్రాసిన విట్‌వర్త్ పానా నోరు 0.92 అంగుళము. అమెరికను పద్ధతిలో అర అంగుళమన్న నోరే అర అంగుళము. ఇది చాలక, బి.ఎస్.ఎఫ్. బోల్టుల తలలను ఒక మెట్టు చిన్నవి చేసిరి. కనుకనే ఒకే పానా మీద 1/4 డబ్ల్యు. అనియు, 5/16 బి.ఎస్. అనియు రెండు అంకెలు కనబడును. రెండును నిజమే.

ఈ గందరగోళమును ఇంగ్లండు తనంతట తాను సవరించుకొనలేదు. యుద్ధము సవరింపజేసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రోల్స్ రాయిస్ మెర్లిన్ విమానపు ఇంజనును అమెరికాలో పాకార్డ్ కంపెనీ తయారుచేయ పూనుకొనెను. ఇంజను మరలన్నియు ఇంగ్లీషువి. ఆ టాపులు, డైలు అమెరికాలో దొరకవు. మరలను మార్చినచో ఇంగ్లండులోని విమానములకు ఆ భాగములు పనికిరావు. పాకార్డ్‌వారు ఆ పనిముట్లను తామే చేసికొని ఇంగ్లీషు మరలనే కోసిరి. దీనిని మేము ఆ యుద్ధపు ఘనకార్యములలో నొకటిగా తలచుచున్నాము. బాంబుల కథలలో దీనికి చోటు దొరకలేదు.

ఆ కష్టము ఫలించి 1943 మొదలు ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశముల ఇంజనీర్లు కలిసి మాటలాడుకొనిరి. 1948 నవంబరు 18వ తేదీన వాషింగ్టనులో ఒప్పందము మీద సంతకములు చేసిరి. కోణము అమెరికావారి 60 డిగ్రీలు. మూలమును ఇంగ్లీషువారివలె గుండ్రముగా నుంచవచ్చును. దీనికే యూనిఫైడ్ మరయని పేరు, మోటుమర యు.ఎన్.సి., సన్నమర యు.ఎన్.ఎఫ్. క్రొత్త బోల్టులను పాతవాటినుండి గుర్తించుటకు తలమీద గుండ్రని గుంటయో, ప్రక్కన గొలుసువలె మూడు చిన్న వలయములో ముద్రించిరి.

మన దేశపు అంబాసిడరు కారు ఈ మార్పు తరువాతిది. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి 1957లో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు దానిని ఆరంభించిరి. కొంతకాలమునకు అందు 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను చేరెను, అది యు.ఎన్.ఎఫ్. మరల ఇంజను. దేశము 1956 చట్టముతో మీటరు, కిలోగ్రాములకు మారెను గాని అంబాసిడరు బోల్టులు అంగుళములలోనే నిలిచెను. 1990 దశకమున ఆ కారుకు జపానువారి ఇసుజు ఇంజనును అమర్చిరి. అది మిల్లీమీటర్లది. అంగుళపు కారులో మిల్లీమీటర్ల ఇంజను! మోరిస్ ఇంట మొదలైన వింత, మోరిస్ వంశపు కడపటి కారులో తిరిగి కనబడెను. 2014లో ఆ కారు తయారీ నిలిచిపోయెను. పాత అంబాసిడర్లను బాగుచేయు మేస్త్రీలు రెండు జాతుల పానాలను ఇప్పటికిని దాచుకొందురు.

కొలత సరిపోయినంతమాత్రాన బోల్టు సరియైనదని చెప్పరాదు. ఇనుము ఎట్టిదో చూడవలెను. పాత ఇంగ్లీషు బోల్టుల తలలమీద చేసినవారి పేరును, బలమును తెలుపు అక్షరమును ఉబ్బెత్తుగా ఉండును. అమెరికనువైనచో గీతలు: మూడు గీతలు ఐదవ తరగతి, ఆరు గీతలు ఎనిమిదవ తరగతి. మిల్లీమీటర్లవైనచో 8.8 వంటి అంకె. నేడు కొందరు పాత కార్లకు తళతళలాడు స్టెయిన్‌లెస్ బోల్టులు వేయుచున్నారు. అందము మాట అటుంచి, ఎ2-70 అను సామాన్యపు స్టెయిన్‌లెస్ బోల్టు చదరపు మిల్లీమీటరునకు 450 న్యూటన్ల లాగుడుకే సాగనారంభించును. 8.8 ఉక్కు బోల్టు 640 వరకు ఓర్చును. మడ్‌గార్డుకు ఏది వేసినను నష్టములేదు. స్టీరింగునకు స్టెయిన్‌లెస్ వేయుట మాత్రము, మా దృష్టిలో, దాని వెనుక కూర్చుండువాని ప్రాణముతో పరిహాసమాడుటయే.

పాత బోల్టులనే శుభ్రము చేసి పూత వేయించువారు మేలైనవారు. అందును ఒక మెలకువ కలదు. ఆమ్లములో ముంచి విద్యుత్తుతో పూత వేయునప్పుడు హైడ్రొజను ఉక్కులోనికి చేరి, గట్టి ఉక్కును పెళుసుబార్చును. వెంటనే సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు కాల్చినచో అది వెడలిపోవును. కాల్చక బిగించిన బోల్టు ఆనాడు బాగుగనే యుండి, మరుసటి దినముననో ఆ వారములోనో, కదలికయే లేకుండ, తల తెగి పడును.

ఇక పోయిన బోల్టు దొరకనే దొరకనిచో ఏమి చేయవలెను? ఇంగ్లండులో పాత కార్ల సామాను అమ్మువారు 8 మిల్లీమీటర్ల ఒడలు, 1 మిల్లీమీటరు ఎడము, విట్‌వర్త్ తల గల బోల్టులను క్రొత్తగా కోయించి నేటికిని అమ్ముచున్నారు. హాచ్‌కిస్‌వారు కవెంట్రీకి తెచ్చిన కొలతలే అవి.